సంఘాలు మూడో తరం దగ్గర ఎందుకు ఆగిపోతాయి?

కొత్త చోట ఒక క్రైస్తవ సంఘం మొదలవడం అంత అరుదు కాదు. ఆత్మల భారం, అంటే జనం క్రీస్తును ఎరగాలన్న తపన, ఉన్న సేవకుడు ఒకడు వెళ్తాడు, మోకాళ్లూనుతాడు, ఇళ్లు తిరుగుతాడు, ఒక కుటుంబం వాక్యానికి తలుపు తీస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో పదిహేను మంది కూడుకుంటారు. వాళ్లలో చురుకైన ఒకరిద్దరు తమ బంధువుల దగ్గర ఇంకో కూడిక పెడతారు. రెండో తరం వచ్చిందని అందరికీ సంతోషం. ఆ తర్వాత ఎందుకో కదలదు. రెండో తరం సంఘాలు నిలబడే ఉంటాయి, కానీ వాటి కడుపున మరొకటి పుట్టదు. ఐదేళ్ల తర్వాత చూస్తే అవే మూడు కూడికలు, అదే సేవకుడు, మూడింటి మధ్యా వారం వారం పరుగులు.

అప్పుడు తప్పు ఆ చివరి గుంపులో వెతుకుతాం. వాళ్లకు భారం లేదంటాం, సమర్పణ లేదంటాం. నా అభిప్రాయం వేరు. మూడో తరం దగ్గర దారం తెగితే, దాన్ని బలహీనం చేసిన పని దాదాపు ఎప్పుడూ మొదటి గుంపులోనే, మొదటి నెలల్లోనే జరిగి ఉంటుంది. ఆ గుంపుతో మనం చేసినదాన్ని, నెల క్రితం అందులో చేరిన మనిషి వచ్చే వారం మరో ఇంట్లో చేయగలడా? చేయలేకపోతే దారం బలహీనపడింది అక్కడే. కింద రాసినదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం రెండో వచనంలో నాలుగు తరాలు ఒకే వాక్యంలో ఉన్నాయి: పౌలు, తిమోతి, నమ్మకమైన మనుష్యులు, వాళ్లు బోధించబోయే ఇతరులు. డీఎంఎం, సీపీఎం అని పిలిచే శిష్యత్వ, సంఘ స్థాపన ఉద్యమాల్లో పనిచేసేవాళ్లు వాడే కొలబద్ద కూడా ఇదే. ఒక గొలుసులో కాదు, వేర్వేరు పాయల్లో సంఘాలు నాలుగో తరానికి చేరితేనే దాన్ని ఉద్యమం అంటారు. నాలుగే ఎందుకంటే, మొదలుపెట్టిన మనిషి తన సొంత బలంతో రెండో తరం దాకా ఈడ్చుకెళ్లగలడు. కాళ్లరిగేలా తిరిగితే మూడోదాన్ని కూడా నిలబెట్టగలడు. నాలుగో తరంలో ఎవరున్నారో అతనికి పేర్లు కూడా తెలియవు. అక్కడ సంఘం పుట్టిందంటే అతని బలంతో పుట్టింది కాదు.

ఎఫెసులో జరిగింది ఇదే. పౌలు తురన్ను పాఠశాలలో రెండేళ్లు ప్రతిరోజూ తర్కించాడు, ఆసియలో (ఎఫెసు ఉన్న రోమా ప్రాంతం పేరు అది) కాపురమున్న వాళ్లందరూ వాక్యం విన్నారని అపొస్తలుల కార్యములు 19:10 చెప్తుంది. మరి అదే ప్రాంతంలోని కొలొస్సయికి పౌలు వెళ్లాడా? వెళ్లలేదు. అక్కడివాళ్లు తన ముఖం చూడలేదని తనే రాశాడు. వాళ్లకు సువార్త తీసుకెళ్లింది ఎపఫ్రా. లవొదికయ, హియెరాపొలి సంఘాల కోసం ప్రయాసపడ్డదీ అతనే. పౌలు ఒక గదిలో కూర్చున్నాడు, అతను చూడని ఊళ్లలో మూడు సంఘాలు నిలబడ్డాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. పది కూడికలు ఉన్నాయనుకుందాం. కొత్తగా పుట్టే కూడికల్లో సగమే ఏడాది దాటి బతుకుతాయనుకుందాం. ఒక్కో కూడిక ఒక్కదాన్నే కంటే తర్వాతి తరంలో మిగిలేవి 5, ఆపైన రెండో మూడో, ఆపైన 1. రెండేసి కంటే ప్రతి తరంలో 10, 10, 10, అంటే పెరుగుదలే లేదు. మూడేసి కంటేనే 15, 22, 33 అంటూ లెక్క లేస్తుంది. "ప్రతి సంఘం మరో సంఘాన్ని స్థాపించాలి" అన్న నినాదం వినడానికి బాగుంటుంది కానీ, సగం కూడికలు చనిపోయే చోట ఆ నినాదాన్ని పూర్తిగా నెరవేర్చినా పని నాలుగో తరానికల్లా ఆరిపోతుంది. కాబట్టి గుంపుకు మొదటి నుంచీ పెట్టాల్సిన చూపు ఒక ఇంటి మీద కాదు, మూడు నాలుగు ఇళ్ల మీద.

మొదటి అడుగు ప్రార్థన. ఇది మాట వరసకు చెప్పేది కాదు. లూకా 10లో డెబ్బది మందిని పంపే ముందు యేసు ఇచ్చిన మొదటి ఆజ్ఞ, పనివారిని పంపమని కోత యజమానుని వేడుకోమని. ఆ పనివారు వచ్చేది బయటి నుంచి కాదు, ఆ కోతలోంచే, అంటే కొత్తగా నమ్మినవాళ్లలోంచే వస్తారు. అందుకే ప్రార్థనను కూడా కొత్త విశ్వాసి పట్టుకోగలిగేంత చిన్నగా చేసి ఇవ్వాలి. ఒక కాగితం మీద తనకు తెలిసిన, ఇంకా క్రీస్తును ఎరుగని ఇరవై మంది పేర్లు రాయించండి. ఇంటివాళ్లు, చుట్టాలు, స్నేహితులు, కలిసి పనిచేసేవాళ్లు. వాళ్లలో ఐదుగురి పేర్ల కింద గీత గీసి రోజూ పేరుపేరునా ప్రార్థించమనండి. ఇది మొదటి వారంలోనే జరగాలి. ఆరు నెలలు ఆగితే ఆ ఇరవై మందిలో సగం మందితో అతనికి రాకపోకలు తగ్గిపోయి, స్నేహాలన్నీ విశ్వాసులతోనే నిండిపోతాయి.

తర్వాత మనిషిని వెతకడం. మన బైబిల్లో చక్కటి మాట ఉంది, సమాధాన పాత్రుడు, అంటే సమాధానపు మాటను తన ఇంట్లోకి చేర్చుకునే మనిషి. యేసు అతని ఇంట్లోనే ఉండమన్నాడు, ఇంటింటికి తిరుగవద్దన్నాడు. సమాధాన పాత్రుణ్ని గుర్తుపట్టడానికి చూడాల్సినవి మూడు: మనల్ని చేర్చుకుంటాడు, మన మాట వింటాడు, తనవాళ్లను పిలుస్తాడు. మొదటి రెండూ చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది. మూడోదే అసలు గుర్తు. కొర్నేలీ తన బంధువుల్ని, ముఖ్య స్నేహితుల్ని పిలిపించి కూర్చోబెట్టాడు. లూదియ ఇంటివారితో కలిసి బాప్తిస్మం పొందింది. సమరయ స్త్రీ కుండ విడిచిపెట్టి ఊళ్లోకి పరుగెత్తింది. మర్యాదగా విని పంపేసే మనిషి మంచివాడే, అతని కోసమూ ప్రార్థించాలి. కానీ ఆరు వారాలు గడిచినా తన ఇంట్లోవాళ్లనైనా పిలవలేదంటే, మన సమయం మరొకరి కోసం కూడా ఉందని గుర్తుంచుకోవాలి. అలాగని లూకా 10ని యాంత్రికమైన సూత్రంగా మార్చకూడదు. వెంటనే తలుపు తీయనివాళ్లను "పాత్రుడు కాదు" అని కొట్టేయడం ఆ వాక్యం ఉద్దేశం కాదు, పౌలు కూడా కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఓపిక పట్టాడు.

అందరికంటే ఎక్కువ నష్టం చేసే తప్పు ఈ దశలోనే జరుగుతుంది, అదీ ప్రేమతో. ఒక యువకుడు నమ్ముకోగానే అతన్ని మన ఆదివారపు ఆరాధనకు తీసుకొస్తాం. అతనికి అక్కడ ప్రేమ దొరుకుతుంది, పాటలు దొరుకుతాయి, కొత్త కుటుంబం దొరుకుతుంది. అతని సొంత ఇంటివాళ్లకు మాత్రం కొడుకు చేజారిపోయాడన్న బాధ మిగులుతుంది. మనకు ఒక మనిషి దక్కాడు, ముప్పై మంది ఉన్న ఇంటి తలుపు మూసుకుపోయింది. సేన అనే దయ్యం వదిలిన మనిషి యేసు వెంట వస్తానని బతిమాలుకున్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు, నీ యింటివారి యొద్దకు వెళ్లమన్నాడు. అతను వెళ్లి దెకపొలి అంతటా ప్రకటించాడు. భారతదేశంలో ఏళ్ల తరబడి పనిచేసిన డోనాల్డ్ మెక్‌గావ్రన్ 1955లో గట్టిగా చెప్పిన సంగతి ఇదే: సువార్త చుట్టరికాల వంతెనల మీదుగా నడుస్తుంది, మనిషిని తనవాళ్ల నుంచి వేరుచేస్తే ఆ వంతెన కూలుతుంది.

తలుపు తెరుచుకున్నాక ఆ ఇంట్లో ఏం చేస్తాం అన్నది ఇంకా ముఖ్యం. మంచి ప్రసంగీకుడు వెళ్లి నలభై నిమిషాలు అద్భుతంగా బోధించాడనుకోండి. ఇంటివాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. కానీ ఆ రాత్రే వాళ్ల మనసులో ఒక మాట నాటుకుంటుంది: ఇలా చెప్పడం మనవల్ల కాదు. వాళ్లెప్పటికీ వినేవాళ్లుగానే ఉండిపోతారు. డిస్కవరీ బైబిల్ స్టడీ అనే పద్ధతి ఈ చిక్కును విప్పడానికే వచ్చింది. పది నుంచి ఇరవై వచనాల భాగం ఒకటి తీసుకుంటారు. రెండుసార్లు చదువుతారు, చదువు రానివాళ్లుంటే వినిపిస్తారు. ఒకరు తమ సొంత మాటల్లో తిరిగి చెప్తారు, వదిలేసినవి మిగతావాళ్లు కలుపుతారు. ఆపైన ప్రశ్నలు: ఇది దేవుని గురించి ఏం చెప్తోంది? మనుషుల గురించి ఏం చెప్తోంది? ఇది నిజమైతే ఈ వారం నేను ఏం చేయాలి? దీన్ని ఎవరికి చెప్పాలి? ఆదికాండము 1తో మొదలై, పతనం, నోవహు, అబ్రాహాము, పస్కా, యెషయా 53 మీదుగా యేసు జననం, అద్భుతాలు, సిలువ, పునరుత్థానం దాకా ఇరవై, ఇరవై ఐదు భాగాలు వరసగా నడుస్తాయి. వారానికి ఒకటి చొప్పున దాదాపు ఆరు నెలలు.

ఒక కూడికను దగ్గర నుంచి చూద్దాం. ఏడుగురు కూర్చున్నారు, ఆ రోజు భాగం లూకా 19:1–10, జక్కయ్య. ఒకామె కథ తిరిగి చెప్తూ జనం సణిగిన సంగతి మరిచిపోయింది, పక్కనున్న పిల్లవాడు అందించాడు. దేవుని గురించి ఏం తెలిసిందని అడిగితే, "అడక్కముందే పేరుపెట్టి పిలిచాడు" అన్నారొకరు. నడిపించేవాడికి ఇక్కడ అందుకుని పదిహేను నిమిషాలు మాట్లాడాలని నాలుక దురదపెడుతుంది. మాట్లాడకూడదు. "ఇంకా ఏముంది?" అని మాత్రమే అడగాలి. ఎవరూ పలకకపోతే పది సెకన్లు మౌనంగా ఉండాలి. ఆ పది సెకన్లు చాలా బరువుగా ఉంటాయి, కానీ ఆ తర్వాతే ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఇక మూడో ప్రశ్న. "నేను నిజాయితీగా బతుకుతాను" అన్నాడొకాయన. మంచి మాటే, కానీ వచ్చే వారం అడగడానికి అందులో ఏమీ లేదు. "అంటే ఈ వారం ఏం చేస్తారన్నా?" అని అడగాలి. కాసేపు తలొంచుకుని, "తమ్ముడి వాటా డబ్బు కొంత నా దగ్గరే ఉండిపోయింది. శనివారం లోపు లెక్కచూసి ఇచ్చేస్తాను" అన్నాడు. ఇది విధేయత. దీనికి పని ఉంది, మనిషి ఉన్నాడు, రోజు ఉంది. వచ్చే వారం కూడిక మొదలవగానే అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా సిద్ధమైపోయింది.

నడిపించడం అంటే ఇంతే కాబట్టి మూడో నాలుగో వారానికల్లా ఆ పని ఇంటివాళ్లకే అప్పగించవచ్చు, అప్పగించాలి కూడా. బయటి నుంచి వచ్చిన సేవకుడు కూడికకు ముందు ఆ ఇంటి పెద్దతో అరగంట విడిగా కూర్చుని అదే భాగం చదివి, తర్వాత కూడికలో వెనక వరసలో కూర్చుంటాడు. కొన్నాళ్లకు కూడికకు వెళ్లడం కూడా మానేసి, ఆ విడి అరగంట మాత్రమే ఉంచుకుంటాడు.

కూడిక సమయాన్ని మూడు భాగాలు చేసుకోవడం మంచి అలవాటు. గంటన్నర ఉంటే తలో అరగంట. మొదటి భాగంలో కృతజ్ఞతలు, బాధలు, పోయిన వారం చేస్తామన్నది చేశామా, ఎవరికి చెప్పాం. రెండో భాగం వాక్యం. మూడో భాగంలో ఈ వారం తీర్మానాలు, వాటిని చెప్పి చూసే అభ్యాసం, ఒకరి కోసం ఒకరి ప్రార్థన. దాదాపు ప్రతి గుంపులో జరిగేది ఒకటే: వాక్యం చర్చ తీపెక్కి గంట దాటుతుంది, మూడో భాగం ఐదు నిమిషాల ముగింపు ప్రార్థనగా మిగులుతుంది. మొదటి భాగంలో విధేయత ప్రశ్న అడగడానికి మొహమాటపడి అది కూడా జారిపోతుంది. మిగిలింది సంతోషకరమైన బైబిల్ చర్చ. గుంపు చెడిపోలేదు, వాక్యం వింటూనే ఉంది. కానీ రాలిపోయినవేవో చూడండి: లెక్క అడగడం, చెప్పి చూడటం, గురి పెట్టుకోవడం. సరిగ్గా కొత్త గుంపును పుట్టించేవే రాలిపోయాయి. గడియారం దగ్గర పెట్టుకుని మూడో భాగాన్ని కాపాడటం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ చాలా గుంపుల సంతానం దాని మీదే ఆధారపడి ఉంది.

అభ్యాసం అంటే నిజంగా చెప్పి చూడటమే. ఇద్దరిద్దరు కూర్చుని తమ సాక్ష్యాన్ని మూడు నిమిషాల్లో చెప్పుకోవాలి: క్రీస్తుకు ముందు నా బతుకు, ఆయన్ని ఎలా కలుసుకున్నాను, ఇప్పుడు ఏం మారింది. మొదటిసారి చెప్పేవాళ్లు పది నిమిషాలు తీసుకుని, అందులో తొమ్మిది నిమిషాలు పాత బతుకు గురించే చెప్తారు. మూడుసార్లు చెప్పేసరికి సరిపోతుంది. ఎవరికైతే చెప్పాలనుకున్నారో ఆ మనిషి పేరు అనుకుని చెప్పడం ఇంకా మంచిది.

నమ్మినవాళ్ల గుంపు సంఘం అయ్యేది ఎప్పుడు? ఇక్కడ రెండు వైపులా జారిపోతారు. కొందరు ముగ్గురు కూర్చుని వాక్యం చదివితే సంఘం అని లెక్క రాసేస్తారు. కొందరు భవనం, పాస్టరు, రిజిస్ట్రేషను ఉంటే తప్ప సంఘం అనరు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చివర్లో కావలసినవన్నీ ఉన్నాయి: మారుమనస్సు, బాప్తిస్మం, బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన, అక్కరలో ఉన్నవాళ్లతో పంచుకోవడం, ఆరాధన, కొత్తగా చేర్చబడే ఆత్మలు. ఇవి జరుగుతూ, "మేము క్రీస్తు సంఘం" అని వాళ్లే ఒప్పుకుని, నడిపించే పెద్దలు వాళ్లలో లేస్తుంటే అది సంఘం. చాలా గుంపులు ఏళ్ల తరబడి అధ్యయనంగానే ఉండిపోవడానికి కారణం, ఈ అధ్యాయాన్ని వాళ్లతో ఎవరూ కూర్చుని చదవకపోవడమే. మొదటి బాప్తిస్మాలు అయిన నెలలోనే చదివించండి, "వీటిలో మన దగ్గర ఉన్నవేవి, లేనివేవి?" అని వాళ్లనే అడగండి.

బాప్తిస్మం ఎవరివ్వాలి, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఎవరు పంచాలి అన్న దానిపై సంఘశాఖల మధ్య నిజమైన తేడాలున్నాయి. ఆ తేడాను పక్కకు నెట్టి పని మొదలుపెడితే రెండో తరంలో గొడవై బయటపడుతుంది, కాబట్టి ముందే పెద్దలతో కూర్చుని తేల్చుకోవాలి. అభిషేకం పొందినవాళ్లే, అంటే సంఘం లాంఛనంగా బోధకులుగా నియమించినవాళ్లే, ఇవ్వాలన్నది మీ సంఘం నియమమైతే దానికీ దారి ఉంది: స్థానికుల్లో అభిషిక్తుల సంఖ్య పెంచడం. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంకె అందరికీ గుర్తుంటుంది. అంతకంటే నాకు ముఖ్యంగా తోచేది, ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది మిషనరీ జాన్ క్లౌ కాదు, అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరిద్దరు చొప్పున. ఒక్క మనిషి చేతుల మీదుగానే జరగాలని ఉంటే ఆ రోజు అలా గడిచేది కాదు.

డబ్బు సంగతి కూడా అక్కడి నుంచే చెప్పుకోవచ్చు. ఆ బాప్తిస్మాలకు ముందు భయంకరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఒప్పుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలీ ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాళ్లెవరో, ప్రభువు కోసం వచ్చినవాళ్లెవరో కలగాపులగం కాకూడదని. సహాయం చేయడం క్రైస్తవుడి బాధ్యత, అది ఎవరికైనా ఏ షరతూ లేకుండా చేయాలి. దాన్ని బాప్తిస్మానికి ముడిపెట్టిన క్షణం రెండూ చెడతాయి.

అంతకంటే మెల్లగా చంపేది జీతం. మొదటి సంఘాన్ని నడిపించే స్థానికుడికి బయటి నిధులతో నెలజీతం మొదలుపెడితే అతనికి సుఖమే. కానీ రెండో తరంలో నడిపించేవాడు "నాకెప్పుడు?" అని అడుగుతాడు, అడగడంలో తప్పూ లేదు. మూడో తరంలో జీతం లేకపోతే కూడిక లేదు. ఉద్యమం పెరుగుదల అక్కడి నుంచి దాత ఖాతాలో ఉన్న సొమ్ముకు కట్టుబడిపోతుంది. చైనాలోని షాన్‌డాంగ్‌లో పనిచేసిన జాన్ నీవియస్ దీన్ని దగ్గర నుంచి చూశాడు. 1890లో కొరియాలోని యువ మిషనరీలు అతన్ని పిలిపించుకుని ఆ పాఠాలు విన్నారు: నమ్మినవాడు తన వృత్తిలోనే ఉండి పొరుగువాళ్లకు సాక్షిగా ఉండాలి, సంఘం తాను మోయగలిగినంత పనే పెట్టుకోవాలి, మందిరం తన స్తోమతుకు తగ్గట్టు తనే కట్టుకోవాలి, పూర్తికాల సేవకుణ్ని సంఘమే ఎంచుకుని సంఘమే పోషించాలి. దానితో పాటు బైబిల్ తరగతులు పెద్ద ఎత్తున నడిపారు. ఆ రెండో సగాన్ని మరిచి మొదటి సగాన్ని మాత్రమే పాటించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బోధ లేని స్వయంపోషణ అనాథగా వదిలేయడమే. ఆ పాఠాలతో నడిచిన కొరియా ప్రెస్బిటేరియన్ సంఘశాఖవాళ్లు 1907లో తమ మొదటి ఏడుగురు పాస్టర్లను అభిషేకించుకున్నారు.

నాయకుల తయారీకి నాలుగు మెట్లు చెప్తారు: చేసి చూపించడం, పక్కనుండి చేయించడం, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండటం, వదిలి వెళ్లడం. వినడానికి తేలిక. ఆచరణలో మొదటి మెట్టు మీదే ఏళ్లు గడిపేసి, అలిసిపోయి, ఒకేసారి నాలుగో మెట్టుకు దూకుతారు. నిజానికి మొదటిది అన్నిటికంటే పొట్టిగా ఉండాలి. ఏదైనా రెండు మూడుసార్లు చేసి చూపిస్తే చాలు. మూడోదే అన్నిటికంటే పొడుగు. ఆ మనిషి తనంత తాను ఒక గుంపును మొదలుపెట్టి, ఆ గుంపులోంచి మరొకరిని నిలబెట్టేదాకా కనిపెట్టుకుని ఉండాలి. వారానికోసారి ఫోన్, నెలకోసారి ముఖాముఖి. పౌలు పెట్టిన సంఘాలను వదిలేశాడు అంటారు గానీ, వదిలేసింది తను ఉండటాన్ని. ఉత్తరాలు, తిమోతి, తీతు, తిరుగు ప్రయాణాలు ఆగలేదు.

కొత్త విశ్వాసికి బాధ్యత ఇవ్వొచ్చా అన్నది న్యాయమైన ప్రశ్న. ఎఫెసులో ఉన్న తిమోతికి రాసినప్పుడు సంఘాన్ని నడిపించే అధ్యక్షుడు కొత్తగా చేరినవాడై ఉండకూడదన్నాడు పౌలు. క్రేతు ద్వీపంలో ఉన్న తీతుకు ఇచ్చిన పెద్దల అర్హతల్లో ఆ షరతు కనబడదు. ఎఫెసు సంఘానికి అప్పటికి ఏళ్లు నిండాయి, క్రేతులో సంఘాలు ఇంకా లేతవి. అంటే గుంపు వయసును బట్టి "కొత్తవాడు" అన్న మాటకు అర్థం ఉంది. కానీ గుణం విషయంలో రెండు పత్రికల్లోనూ సడలింపు లేదు: ఒకే భార్య, కోపిష్టి కాకపోవడం, ధనాపేక్ష లేకపోవడం, ఇంటిని బాగా ఏలుకోవడం. పని వెంటనే ఇవ్వండి, పదవి నిదానంగా ఇవ్వండి. ఈ రెండూ ఒకటే అనుకున్న చోట గర్వం పుడుతుంది, చీలికలు పుడతాయి.

ఈ పద్ధతులపై వచ్చే విమర్శలో నిజం ఉందని ఒప్పుకోవాలి. వేగం మీద మోజుతో లోతు పోతుంది, దుర్బోధ ఒక తరంలో దూరితే అదే వేగంతో నాలుగు తరాలకు పాకుతుంది. గుంపులో ఎవరైనా తప్పు అర్థం చెప్పినప్పుడు "అది ఈ భాగంలో ఎక్కడుంది, చూపించండి" అని అడిగే అలవాటు మొదటి వారం నుంచే ఉంటే చాలా తప్పులు అక్కడికక్కడే రాలిపోతాయి. పౌలు చెప్పింది నిజమేనా అని లేఖనాల్లో వెతికి చూసిన బెరయ ఊరివాళ్లు చేసింది అదే. ఇంకా పట్టుకుని ఉంటే, ఆ విషయం తేల్చే మరో భాగాన్ని వచ్చే వారం పాఠంగా పెట్టొచ్చు. అయినా ఇది అన్నిటికీ చాలదు. అపొల్లో లేఖనాల్లో ప్రవీణుడు, అయినా అకుల, ప్రిస్కిల్ల అతన్ని చేర్చుకుని మరింత పూర్తిగా విశదపరచాల్సి వచ్చింది. కొరింథు సంఘానికి పౌలు "మీరే కనుక్కోండి" అని రాయలేదు, నేరుగా సరిదిద్దాడు. త్రిత్వం, క్రీస్తు దైవత్వం, కృపచేత రక్షణ వంటి పునాదులను ప్రశ్నల పద్ధతికే వదిలేయడం బాధ్యత కాదు. గుంపులను నడిపించేవాళ్లను రెండు మూడు నెలలకోసారి రెండు రోజులు కూర్చోబెట్టి ఒక పత్రికను మొదటి నుంచి చివరి దాకా బోధించడం ఆనవాయితీగా పెట్టుకోవాలి. రోమా పత్రికతో మొదలుపెట్టినా మంచిదే. వాళ్లు ఇంటికెళ్లి తమ తర్వాతివాళ్లకు చెప్పగలిగేలా, ఒక్కో అధ్యాయానికి ఒక పేజీ మించకుండా నోట్సు ఇవ్వాలి.

ఇక చివరిగా కాగితం. నాయకులు నెలకోసారి కలిసినప్పుడు ఒక పెద్ద తెల్ల కాగితం పరిచి తరాల పటం గీస్తారు. ఒక్కో గుంపుకు ఒక సున్నా. సంఘంగా ఏర్పడితే నిండు గీత, ఇంకా అధ్యయన గుంపే అయితే చుక్కల గీత. లోపల మూడు అంకెలు: వస్తున్నవాళ్లు, నమ్మినవాళ్లు, బాప్తిస్మం పొందినవాళ్లు. పక్కన మొదలైన నెల. వ్యక్తుల పేర్లు, ఊళ్ల పేర్లు రాయకూడదు. ఆ కాగితం ఎవరి చేతికి చిక్కినా విశ్వాసులకు ఇబ్బంది రాకూడదు. బాప్తిస్మం, బల్ల, కానుకలు, బోధ వంటి వాటికి చిన్న గుర్తులు: గుంపు తనంత తాను చేస్తుంటే గుర్తు సున్నా లోపల, బయటి సేవకుడు వచ్చి చేస్తుంటే సున్నా బయట. ఏ గుంపు దేని నుంచి పుట్టిందో గీత కలుపుతారు.

గీయడం అయ్యాక కాస్త వెనక్కి జరిగి ఆకారం చూడండి. మధ్యలో ఒక సున్నా, చుట్టూ పది సున్నాలు, వాటికి పిల్లలు లేకపోతే, ఒక సమర్థుడైన మనిషి అన్నీ తనే మొదలుపెడుతున్నాడని అర్థం. అతన్ని మెచ్చుకుని, ఆరు నెలలు కొత్త గుంపు పెట్టొద్దని చెప్పి, ఆ పదిమందిలో ముగ్గురి మీద సమయం పెట్టమనాలి. ఒకదాని కింద ఒకటి సన్నటి గొలుసులా నాలుగైదు దిగితే తరాలు ఉన్నాయి గానీ ఒక్క కొక్కెం ఊడితే అంతా పోతుంది. గుర్తులన్నీ సున్నాల బయటే ఉంటే అప్పగింత జరగలేదు. అంకెల్లో వస్తున్నవాళ్లు 40, బాప్తిస్మాలు 3 అని కనిపిస్తే విధేయత ప్రశ్న అడగడం లేదేమో చూడాలి. అంకెలు మరీ గుండ్రంగా, 50, 100 అని వస్తుంటే ఒకసారి ఆ గుంపులోకి వెళ్లి కూర్చోవాలి. నాయకుణ్ని అనుమానించడానికి కాదు, పెద్ద అంకెలే చెప్పాలన్న ఒత్తిడి మనమే పెట్టామేమో తెలుసుకోవడానికి.

ఆగిపోయిన గుంపుల్ని చెరిపేయొద్దు. వాటి మీద ఎర్రగీత కొట్టి, పక్కనే నెల, కారణం రెండు మాటల్లో రాయండి: నడిపించేవాడు వలస పోయాడు, ఇంట్లో వ్యతిరేకత, డబ్బు తగాదా, ఎవరూ పలకరించలేదు. ఆరు నెలలకోసారి ఆ ఎర్రగీతల పక్కన రాసినవన్నీ వరసగా చదవండి. ఒకే కారణం మూడుసార్లు కనబడితే వచ్చే నెల నాయకుల కూడికలో శిక్షణ దాని మీదే పెట్టండి.